విండోస్ 11కి మారాక మొరాయించే కంప్యూటర్: ఫార్మాట్ కొట్టే ముందు చూడాల్సినవి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. అప్పటినుంచి తిరుపతిలో జెరాక్స్, నెట్ సెంటర్ల దగ్గర్నుంచి చిత్తూరులో బెల్లం మండీల లెక్కల గదుల దాకా పాత మెషీన్లన్నీ ఒక్కొక్కటిగా 11కి మారుతున్నాయి. మారిన మర్నాడే ప్రింటర్ పలకదు, వేలిముద్ర మెషీన్ కనబడదు, అను అనే పాత తెలుగు ఫాంట్లలో చేసిన పెళ్లిపత్రిక పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలుగా తెరుచుకుంటుంది. సర్వీసింగ్‌కి తీసుకెళ్తే వచ్చే మొదటి మాట "ఫార్మాట్ కొట్టేద్దాం సార్". ఆ మాటకు అప్పుడే తలూపకండి. ఈ గొడవల్లో చాలావాటికి విండోస్ పాడైపోవడం కారణం కాదు. డ్రైవరో (పరికరాన్ని విండోస్‌తో కలిపే ప్రోగ్రామ్), సర్వీసో (వెనకాల నడిచే ప్రోగ్రామ్), ఒక సెట్టింగో మారి ఉంటుంది, అంతే. ఫార్మాట్ కొడితే ఆ డ్రైవర్‌తో పాటు బాగా పనిచేస్తున్న పది సాఫ్ట్‌వేర్లూ పోతాయి.

ముందు వెనక్కి వెళ్లే దారి మూసుకుపోకుండా చూసుకోండి

అప్‌గ్రేడ్ అయినప్పటినుంచి 10 రోజుల దాకా పాత విండోస్‌కి వెనక్కి వెళ్లొచ్చు. సెట్టింగ్స్ > సిస్టమ్ > రికవరీలో 'గో బ్యాక్' బటన్ ఉంటుంది. పాత విండోస్ మొత్తం సి డ్రైవ్‌లో 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్‌లో భద్రంగా ఉండడం వల్లే ఇది వీలవుతుంది. ఆ ఫోల్డర్ ఎక్కువ చోటు తింటుందని డిస్క్ క్లీనప్‌లో 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్' టిక్ పెట్టి తుడిచేస్తే బటన్ కూడా పోతుంది. చోటు చాలకపోతే డౌన్‌లోడ్స్ ఖాళీ చేయండి, దీన్ని మాత్రం ముట్టుకోకండి.

పది రోజులు చాలవనుకుంటే, గడువు దాటకముందే పెంచుకోవచ్చు. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి టెర్మినల్ (అడ్మిన్) తెరిచి ఈ ఆజ్ఞను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి: డిస్మ్ /ఆన్‌లైన్ /సెట్-ఓఎస్‌అన్‌ఇన్‌స్టాల్‌విండో /వాల్యూ:60. గరిష్ఠంగా 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. నెలకోసారి మాత్రమే నడిపే పనులున్నవాళ్లకి ఇది తప్పనిసరి. 20వ తేదీన జీఎస్‌టీఆర్-3బి అనే నెలవారీ జీఎస్‌టీ రిటర్ను వేయడానికి కూర్చున్నప్పుడే డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ పలకడం లేదని తెలిస్తే, అప్పటికి పది రోజులు ఎప్పుడో దాటి ఉంటాయి.

వెనక్కి వెళ్తే మీ ఫైళ్లు ఉంటాయి, అప్‌గ్రేడ్ తర్వాత వేసిన ప్రోగ్రాములు, డ్రైవర్లు పోతాయి. అయినా ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

ఇంకా అప్‌గ్రేడ్ చేయనివాళ్లకు ఒక్క మాట: తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజు పొద్దున, రిటర్నుల ఆఖరి రోజున ఈ పని పెట్టుకోకండి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద సాయంత్రం గాలివాన వేళ అసలే వద్దు. మధ్యలో కరెంటు పోతే విండోస్ చాలాసార్లు 'అన్‌డూయింగ్ ఛేంజెస్' అంటూ తనే వెనక్కి వెళ్తుంది. అప్పుడు గంట పట్టినా కదిలించకుండా వదిలేయాలి. ఓపిక పట్టలేక పవర్ బటన్ నొక్కితేనే అసలు చిక్కు.

మొదటి రోజు నెమ్మది నిజమైన నెమ్మది కాదు

అప్‌గ్రేడ్ అయిన వెంటనే విండోస్ సెర్చ్ కోసం ఫైళ్లన్నిటినీ కొత్తగా సూచీ కట్టుకుంటుంది, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ స్కాన్ చేస్తుంది, అప్‌డేట్లు దించుకుంటుంది. హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం చూపిస్తుంది. రాత్రంతా ఆన్‌లో వదిలేసి మర్నాడు చూడండి. అప్పటికీ అలాగే ఉంటే అది విండోస్ దోషం కాదు. 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్ మీద 11 నడవడమంటే కొండ మెట్లు బరువుతో ఎక్కడమే. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేసి, ర్యామ్ 8 జీబీ చేస్తే మెషీన్ మారిపోతుంది. రెంటిలో ఒక్కటే కొనగలిగితే ఎస్‌ఎస్‌డీ ముందు.

డ్రైవర్లు: పసుపు గుర్తు ఎక్కడ ఉందో చూడండి

స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు త్రికోణం ఉన్న ప్రతి పరికరం మీద డబుల్ క్లిక్ చేస్తే ఒక కోడ్ ఉంటుంది. కోడ్ 28 అంటే డ్రైవరే లేదు. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉన్నా పరికరం మొదలవడం లేదు. కోడ్ 43 అంటే పరికరమే తప్పు చెబుతోంది, యూఎస్‌బీ వస్తువైతే ముందు కేబుల్, పోర్టు మార్చి చూడండి.

వైఫైయే పోతే డ్రైవర్ దించుకునేదెట్లా అని కంగారు పడతారు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని డేటా కేబుల్‌తో పెట్టి 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి, దానికి వేరే డ్రైవర్ అక్కర్లేదు. హాట్‌స్పాట్‌తో నడిపే అంగళ్లలో ఇంకో మెలిక ఉంది. ఆ కనెక్షన్‌కి 'మీటర్డ్' (డేటా పొదుపుగా వాడాలి) అని పెట్టి ఉంటే విండోస్ డ్రైవర్లు దించదు. సెట్టింగ్స్ > బ్లూటూత్ అండ్ డివైసెస్ > డివైసెస్‌లో మీటర్డ్ కనెక్షన్ మీద కూడా డ్రైవర్లు దించే మీట ఉంటుంది, కాసేపు ఆన్ చేయండి. ల్యాప్‌టాప్ అయితే కింద ఉన్న సీరియల్ నంబర్‌తో ఆ కంపెనీ సైటులోనే డ్రైవర్ వెతకండి. 'అన్ని డ్రైవర్లూ ఒకే క్లిక్‌తో' అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. అవి తెచ్చేదానికంటే అంటించేది ఎక్కువ.

సౌండ్ రాకపోతే రియల్‌టెక్ కంపెనీ సౌండ్ డ్రైవర్ కోసం గంటలు వెతికే ముందు ఈ కిటుకు చూడండి. ఆ సౌండ్ పరికరం మీద రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, 'బ్రౌజ్ మై కంప్యూటర్', 'లెట్ మీ పిక్', అక్కడ 'హై డెఫినిషన్ ఆడియో డివైస్' ఎంచుకోండి. విండోస్‌లోనే ఉన్న సాదా డ్రైవర్ ఇది, పాత బోర్డులతో చాలావరకు పనిచేస్తుంది.

నిన్నటిదాకా బాగుండి అప్‌డేట్ వచ్చాక చెడితే, ప్రాపర్టీస్ > డ్రైవర్ ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కండి. ఏది వేసినా 'రీస్టార్ట్' చేయండి. 'షట్‌డౌన్' చేసి ఆన్ చేస్తే సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్‌డౌన్‌లో కెర్నెల్ (విండోస్ గుండెకాయ), డ్రైవర్లు సగం నిద్రలోనే ఉంటాయి, కొత్తగా మొదలవ్వవు. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఆ ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయడమే మేలు.

ప్రింటర్లు

కానన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ 1020 లాంటి పాత లేజర్లు అంగళ్లలో ఇంకా చక్కగా నడుస్తున్నాయి. అప్‌గ్రేడ్ తర్వాత ఇవి 'ఆఫ్‌లైన్' అంటే ముందు ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్ చూడండి. విండోస్ అదే ప్రింటర్‌ని 'కాపీ 1' అనే పేరుతో యూఎస్‌బీ 002 మీద మళ్లీ గుర్తించి ఉంటుంది. మీ సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరూ లేని యూఎస్‌బీ 001కే పేజీలు పంపుతూ ఉంటుంది. సరైన పోర్టు టిక్ చేస్తే పని అయిపోతుంది. ఆ పక్కనే, ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీలో 'లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్' ఆపేయండి. లేకపోతే ఎవరో ఒకసారి పీడీఎఫ్‌గా ప్రింట్ కొడితే డిఫాల్ట్ అదే అవుతుంది.

క్యూలో ఇరుక్కున్న పేజీ డిలీట్ కాకపోతే: స్టార్ట్‌లో 'సర్వీసెస్' అని వెతికి తెరిచి, అందులో 'ప్రింట్ స్పూలర్' ఆపండి, సి డ్రైవ్‌లో విండోస్ > సిస్టమ్32 > స్పూల్ > ప్రింటర్స్ ఫోల్డర్ లోపలి ఫైళ్లు తుడవండి, ఫోల్డర్‌ని కాదు, స్పూలర్ మళ్లీ మొదలుపెట్టండి.

2900ని కొత్తగా వేసేటప్పుడు కానన్ వారి 64 బిట్ 'క్యాప్ట్' డ్రైవర్ కావాలి. ఇన్‌స్టాలర్ అడిగేదాకా ప్రింటర్ ఆన్ చేయకూడదు, ముందే పెడితే తప్పు డ్రైవర్ పట్టుకుంటుంది. విండోస్ 11లో 32 బిట్ అసలు లేదు. కాబట్టి మీ పాత విండోస్ 10 గనక 32 బిట్ అయితే అప్‌గ్రేడ్ అనేదే లేదు, శుభ్రంగా కొత్తగా వేయాల్సిందే, ప్రతి పాత డ్రైవర్‌నీ 64 బిట్‌లో వెతుక్కోవాల్సిందే. మండీల్లో డాస్ కాలం నాటి ఫాక్స్‌ప్రో బిల్లింగ్ ఇంకా నడిపేవాళ్లకి ఇది పెద్ద దెబ్బ. 16 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో తెరుచుకోవు. డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్-ఎక్స్ అనే ప్రోగ్రామ్‌లో వాటిని నడపొచ్చు, ప్రింట్ కూడా తీయొచ్చు. అయితే డాట్ మ్యాట్రిక్స్ మీద బిల్లు అమరిక కుదర్చడానికి ఓ పూట పడుతుంది.

రెండు కంప్యూటర్ల మధ్య షేరింగ్

ఒక మెషీన్‌లో టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా, పక్క మెషీన్‌లో ఎంట్రీ: చిత్తూరు వ్యాపారాల్లో సర్వసాధారణం. అప్‌గ్రేడ్ కాగానే షేర్ తెరుచుకోదు. రెండు కారణాలు చూడాలి.

మొదటిది, నెట్‌వర్క్ 'పబ్లిక్'గా మారి ఉంటుంది. సెట్టింగ్స్ > నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో మీ ఈథర్‌నెట్ లేదా వైఫై తెరిచి 'ప్రైవేట్' చేయండి, రెండు మెషీన్లలోనూ.

రెండోది కాస్త లోతైనది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేరింగ్ ఆపేశారు, షేరింగ్ సంభాషణకి సంతకం (డేటా మధ్యలో మారలేదని చూపే గుర్తు) తప్పనిసరి చేశారు. మన అంగళ్లలో షేరింగంతా పాస్‌వర్డ్ లేకుండానే నడిచేది కాబట్టి ఒక్కసారిగా ఆగిపోయింది. రిజిస్ట్రీలో ఆ భద్రతను తీసేయమని చెప్పేవాళ్లు చాలామంది. వద్దు. ఇలా చేయండి:

1. డేటా ఉన్న మెషీన్‌లో ఒక లోకల్ యూజర్ సృష్టించి, పాస్‌వర్డ్ పెట్టండి. పేరు 'లెక్కలు' అని ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టినా చాలు.
2. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్, సెక్యూరిటీ రెండు చోట్లా ఆ యూజర్‌కి రాసే హక్కు ఇవ్వండి. ఒకచోట మర్చిపోతే ఫైల్ తెరుచుకుంటుంది, సేవ్ కాదు.
3. రెండో మెషీన్‌లో కంట్రోల్ ప్యానెల్ > క్రెడెన్షియల్ మేనేజర్ > విండోస్ క్రెడెన్షియల్స్‌లో మొదటి మెషీన్ పేరు, ఆ యూజర్, పాస్‌వర్డ్ చేర్చండి. యూజర్ పేరు ముందు మెషీన్ పేరు, వెనక్కి వాలిన గీత రాయాలి.

షేర్ చేసిన ప్రింటర్ పెట్టేటప్పుడు చివర 11బి అని ముగిసే ఎర్రర్ వస్తే ఇంకో దారి: 'యాడ్ మాన్యువల్లీ' ఎంచుకుని, లోకల్ ప్రింటర్, కొత్త పోర్టు, 'లోకల్ పోర్ట్' అని చెప్పి, పోర్టు పేరుగా నెట్‌వర్క్ ప్రింటర్ పూర్తి చిరునామా ఇవ్వండి. డ్రైవర్ ఈ మెషీన్‌లోనే వేసుకుంటుంది కాబట్టి అక్కడినుంచి తెచ్చుకునే తగాదా ఉండదు.

డీటీపీ: అను, పేజీమేకర్, తెలుగు ఫాంట్లు

అను ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో వాడే ప్రామాణిక తెలుగు) కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి. అందుకే ఫాంట్ దొరక్కపోతే పత్రిక ఇంగ్లిష్ పిచ్చిరాతలుగా కనిపిస్తుంది. ఫైల్ చెడిపోలేదు, ఏడవక్కర్లేదు, మార్చి సేవ్ చేయకుండా మూసేయండి.

ఫాంట్లు వేశాం, వర్డ్‌లో కనిపిస్తున్నాయి, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజీమేకర్‌లో లేవు. ఈ ఫిర్యాదుకి కారణం చాలావరకు ఒక్కటే. ఫాంట్ మీద డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కితే, విండోస్ 10 కాలం నుంచే అది ఆ ఒక్క యూజర్ ఫోల్డర్‌లోకి వెళ్తోంది. పాత ప్రోగ్రాములు అక్కడ చూడవు. ఫాంట్లన్నీ ఎంచుకుని రైట్ క్లిక్, 'షో మోర్ ఆప్షన్స్', 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' నొక్కండి.

అను స్క్రిప్ట్ మేనేజర్ (అను ఫాంట్లలో టైపు చేయించే ప్రోగ్రామ్) నడుస్తున్నా పేజీమేకర్‌లో ఇంగ్లిషే పడుతోందా? పేజీమేకర్‌ని 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'గా తెరిచి, అనుని మామూలుగా తెరిచి ఉంటారు. తక్కువ హక్కులున్న ప్రోగ్రామ్ ఎక్కువ హక్కులున్న దానికి కీలు పంపడాన్ని విండోస్ ఒప్పుకోదు. రెండూ అడ్మిన్‌గా తెరవండి, లేదా రెండూ మామూలుగా. రెండిటి షార్ట్‌కట్ ప్రాపర్టీస్ > కంపాటిబిలిటీలో ఒకేలా టిక్ పెట్టి వదిలేస్తే రోజూ గుర్తుంచుకోనక్కర్లేదు. ఇంకోటి, పేజీమేకర్ పేజీని ప్రింటర్‌ని బట్టి కూర్చుతుంది. డిఫాల్ట్ ప్రింటర్ మారిన మెషీన్‌లో లైన్లు జరగొచ్చు. పాత ప్రింటర్‌ని డిఫాల్ట్‌గా పెట్టాకే పాత ఫైళ్లు తెరవండి.

యూనికోడ్ తెలుగులో రాసేవాళ్లకి వేరే తంటా. గౌతమి, వాణి ఫాంట్లతో చేసిన పాత దస్తావేజులు కొత్త విండోస్‌లో నిర్మలతో తెరుచుకుని పేజీలు మారతాయి. ఆ రెండూ ఇప్పుడు విడిగా దించుకోవాలి: సెట్టింగ్స్‌లో 'ఆప్షనల్ ఫీచర్స్' అని వెతికి, 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' చేర్చండి. కీబోర్డు మాయమైతే టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో తెలుగు చేర్చి, దాని ఆప్షన్స్‌లో మీ అలవాటు బట్టి ఫొనెటిక్ లేదా ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకోండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది.

వేలిముద్ర, సిగ్నేచర్ టోకెన్, డాంగిల్

వేలిముద్ర యంత్రం లైట్ వెలుగుతుంది గానీ సైటులో 'డివైస్ నాట్ ఫౌండ్' అంటుంది. ఇక్కడ రెండు ముక్కలుంటాయి: డ్రైవర్ ఒకటి, ఆర్‌డీ సర్వీస్ (వేలిముద్రను సైటుకి భద్రంగా అందించే ప్రోగ్రామ్) ఒకటి. సర్వీసెస్ జాబితాలో మీ కంపెనీ ఆర్‌డీ సర్వీస్ 'రన్నింగ్'లో ఉందా, స్టార్టప్ 'ఆటోమేటిక్'లో ఉందా చూడండి. లేకపోతే రెండూ తీసేసి, రీస్టార్ట్ చేసి, ముందు డ్రైవర్, తర్వాత ఆర్‌డీ సర్వీస్ వేసి, ఆ తర్వాతే యంత్రం గుచ్చండి. అన్నీ సరిగ్గా ఉండి కూడా పలకకపోతే విండోస్‌ని వదిలి క్రోమ్‌ని చూడండి. ఆర్‌డీ సర్వీస్ ఇదే కంప్యూటర్‌లో 11100 నుంచి 11120 దాకా ఉండే పోర్టుల్లో వింటుంది, సైటు దాన్ని బ్రౌజర్ ద్వారా పిలుస్తుంది. కొత్త క్రోమ్ వెర్షన్లు ఇలాంటి పిలుపుకి లోకల్ నెట్‌వర్క్ అనుమతి అడుగుతాయి. ఎప్పుడో ఒకసారి 'బ్లాక్' నొక్కి ఉంటే మళ్లీ అడగవు. అడ్రస్ పక్కన ఉన్న గుర్తు నొక్కి సైట్ సెట్టింగ్స్‌లో అనుమతి ఇవ్వండి. డిజిటల్ సంతకానికి వాడే ఎంసైనర్ కూడా ఇలాగే లోకల్‌గా పనిచేసేదే.

యంత్రం కాసేపు పనిచేసి ఆగిపోతుంటే డివైస్ మేనేజర్‌లో ప్రతి 'యూఎస్‌బీ రూట్ హబ్' ప్రాపర్టీస్ > పవర్ మేనేజ్‌మెంట్‌లో ఆపేసే టిక్ తీసేయండి. డెస్క్‌టాప్ అయితే ముందు పోర్టు వదిలి వెనక బోర్డు పోర్టులో పెట్టండి.

ఈపాస్, ప్రాక్స్‌కీ లాంటి సిగ్నేచర్ టోకెన్లకు ఆ టోకెన్ కంపెనీ టూల్ తీసేసి మళ్లీ వేస్తే చాలు. ఒక్క హెచ్చరిక, పెద్ద అక్షరాల్లో రాసుకోవాల్సింది: టూల్‌లో 'ఇనిషియలైజ్' అనే బటన్ నొక్కకండి. అది టోకెన్ని బాగుచేయదు, లోపలి సర్టిఫికెట్‌ని తుడిచేస్తుంది. మళ్లీ డబ్బు కట్టి కొత్త సర్టిఫికెట్ తీసుకోవాల్సిందే. పాస్‌వర్డ్ ఊహిస్తూ పదేపదే కొట్టినా లాక్ అవుతుంది.

పాత సాఫ్ట్‌వేర్ల యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్స్ తాళంలా గుచ్చే పరికరం) పలకకపోతే విండోస్ సెక్యూరిటీ > డివైస్ సెక్యూరిటీ > కోర్ ఐసొలేషన్ చూడండి. 'మెమరీ ఇంటెగ్రిటీ' ఆన్‌లో ఉంటే పాత డాంగిల్ డ్రైవర్లను లోడ్ కానివ్వదు. డాంగిల్ తయారీదారు కొత్త డ్రైవర్ వేయడమే సరైన దారి. అది దొరక్కపోతేనే ఆ మీట ఆఫ్ చేయండి, ఆ మెషీన్‌లో బ్యాంకు పనులు పెట్టుకోకండి.

గడియారం తప్పితే

ప్రతి సైటూ 'యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్' అంటుంటే కింద కుడివైపు తేదీ చూడండి. పాత బోర్డులో సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ఇది గడియారంతో ఆగదు. బ్యాటరీ పోతే బయోస్ (విండోస్‌కి ముందు బోర్డులో నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికి వస్తాయి. విండోస్ 11 కోసం ఆన్ చేసిన టీపీఎం (భద్రతా తాళాలు దాచే చిప్) ఆగిపోవచ్చు, యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతి బూట్ మోడ్ పోయి విండోస్ మొదలవకపోవచ్చు. ఈ టీపీఎం పేరు ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటాయి, అవి మళ్లీ ఆన్ చేయాలి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి (తాళం వేసినట్టు గుప్తంగా) ఉంటే ఆ క్షణం నీలి తెర మీద 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతుంది. 24హెచ్2ని కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా మెషీన్లలో ఎన్‌క్రిప్షన్ అడక్కుండానే ఆన్ అవుతుంది. కీ ఆ అకౌంట్‌లోనే ఉంటుంది. మెషీన్ పెట్టిచ్చినవాళ్లు ఎవరి అకౌంట్ వాడారో ఇప్పుడే అడిగి, కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

అయినా కుదరకపోతే

స్టార్ట్‌లో 'రిలయబిలిటీ హిస్టరీ' అని వెతకండి. రోజువారీ గడుల్లో ఎర్ర గుర్తు ఉన్నచోట నొక్కితే ఏ ప్రోగ్రామ్, ఏ డ్రైవర్ కూలిందో పేరుతో సహా ఉంటుంది. నల్ల తెర వస్తే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. లాగిన్ తెర దాకా వస్తే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్ > అడ్వాన్స్‌డ్ > స్టార్టప్ సెట్టింగ్స్‌లో 4 నొక్కితే సేఫ్ మోడ్. అక్కడ సరిగ్గా ఉంటే తప్పు చాలావరకు డ్రైవర్‌దో, విండోస్‌తో పాటు మొదలయ్యే ఏదో ప్రోగ్రామ్‌దో.

సిస్టమ్ ఫైళ్లు చెడ్డాయనిపిస్తే అడ్మిన్ టెర్మినల్‌లో ముందు డిస్మ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రీస్టోర్‌హెల్త్, అది పూర్తయ్యాక ఎస్‌ఎఫ్‌సీ /స్కాన్‌నౌ. వరుస ముఖ్యం. రెండోది బాగుచేయడానికి వాడే సరుకును మొదటిది శుభ్రం చేస్తుంది.

ఫార్మాట్‌కి ముందు మెట్టు ఇంకొకటుంది, చాలామంది దీన్ని దాటేస్తారు: సెట్టింగ్స్ > సిస్టమ్ > రికవరీలో 'ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్'. ఇది ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగులు ఉంచుతూనే విండోస్‌ని మళ్లీ వేస్తుంది. 5 జీబీ దాకా ఇంటర్నెట్ డేటా ఖర్చవుతుంది కాబట్టి బ్రాడ్‌బ్యాండ్ మీద పెట్టండి.

మెషీన్ 11కి సరిపడనిదై, ఎలాగోలా దాటించి వేసినదైతే ఈ తిప్పలు ప్రతి పెద్ద అప్‌డేట్‌కీ ఉంటాయి. అలాంటివాటికి పది రోజుల్లోపు 'గో బ్యాక్' నొక్కి, విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేసి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకోవడం నయం. డబ్బు కట్టక్కర్లేదు, 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి.

చివరికి ఫార్మాటే గతి అయితే బయటికి తీయాల్సినవి: టాలీ డేటా ఫోల్డర్, అను ఫాంట్లు, విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో మీరు చేర్చినవి, పేజీమేకర్ ఫైళ్లు, బ్రౌజర్ పాస్‌వర్డులు, పాత సాఫ్ట్‌వేర్ల లైసెన్స్ కీలు, డెస్క్‌టాప్ మీద కస్టమర్ల ఫైళ్లు. టాలీ లైసెన్స్‌ని ముందు 'సరెండర్' చేయాలి. ఆ తర్వాత డ్రైవర్లు వేసే వరుస చిప్‌సెట్, గ్రాఫిక్స్, నెట్‌వర్క్, సౌండ్. ప్రింటరు, వేలిముద్ర యంత్రం, టోకెన్ అన్నిటికంటే చివర, ఒక్కొక్కటి వేసి, రీస్టార్ట్ చేసి, పనిచేస్తుందని చూసుకున్నాకే తర్వాతిది.